చలిదేశంలో అంజూర కొమ్మకి వేరు తెప్పించడం: కొత్తవారికి న్యూజెర్సీ లెక్కలో

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూజెర్సీలో ఉంటున్నారు. నవంబరు చివర్లో పక్కింటి ఇటాలియన్ పెద్దాయన అంజూర చెట్టుని చలికాలానికి కత్తిరించి గోనెపట్టా చుడుతూ ఒక కట్ట కొమ్మలు మీ చేతికిచ్చారు. రెండు కొమ్మలు గ్లాసు నీళ్లలో పెట్టారు, రెండు కుండీలో గుచ్చి కిటికీ పక్కన ఉంచారు. గ్లాసులోవి ఆకు వేసి, వారం తిరక్కుండానే వాడిపోయాయి. కుండీలోవి అడుగున నల్లబడి మెత్తబడ్డాయి. మిగతా కట్ట గరాజ్‌లో ఉంది. ఊళ్లో మందారమైనా మునగైనా కొమ్మ గుచ్చితే చాలు బతికేది, ఇక్కడెందుకు బతకట్లేదు, కరివేపాకు, మునగ, దానిమ్మ కూడా కొమ్మతో వస్తాయా అని అడిగారు.

కట్ట మిగిలి ఉంది కాబట్టి ఈ ఏడాది పోలేదు. కొమ్మతో చెట్టు చేయడం నేర్చుకోవడానికి అంజూరని మించిన చెట్టు లేదు. దానికి వేరు వేసే గుణం బాగా ఎక్కువ. మీ కొమ్మలు చనిపోయింది వేరు వేయలేక కాదు, వేరు వేసేలోపు అవి కుళ్లిపోవడం వల్ల, ఎండిపోవడం వల్ల.

ఊళ్లో తొలకరికి కొమ్మ గుచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. నేల 27, 28 డిగ్రీల (సెల్సియస్) వెచ్చగా ఉంటుంది. గాలి నిండా తేమ. మట్టి తడిగా ఉన్నా నీరు కిందికి ఇంకిపోతుంది, కోత దగ్గర గాలి ఆడుతుంది. అడుగున వెచ్చదనం, పైన తేమగాలి, కోత చుట్టూ ఊపిరాడే తడి. కొమ్మకి కావలసినవి ఈ మూడే, తొలకరి మూడింటినీ ఉచితంగా ఇస్తుంది. జనవరిలో మీ కిటికీ దగ్గర అంతా తిరగబడి ఉంటుంది. చల్లటి గాజు పక్కన కుండీ మట్టి 15 డిగ్రీలు దాటదు. హీటర్ నడిచే ఇంట్లో గాలి తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. మట్టి ఎండనివ్వకూడదని మనం పోసే నీళ్లు ఆ చలికి ఆరవు. గది 21 డిగ్రీలు ఉంటుంది కనుక పైనున్న మొగ్గ మాత్రం విచ్చుకుంటుంది. ఆ ఆకు కొమ్మలో దాచుకున్న పిండిపదార్థంతో, నీటితో వచ్చిందే తప్ప వేరు పంపిన నీటితో కాదు. పొడిగాలి ఆకులోంచి నీటిని లాగేస్తుంది, కింద అందించేవాళ్లు లేరు. కొమ్మ వాడుతుంది. వాడింది కదా అని ఇంకో గ్లాసు నీళ్లు పోస్తాం, దాంతో కథ అయిపోతుంది.

కాబట్టి మొదట మనసులో పెట్టుకోవలసింది: ఆకు వచ్చిందంటే వేరు వచ్చిందని కాదు. వేరు కంటికి కనపడేదాకా దీన్ని మొక్క అనుకోకండి, మొక్కకి పోసినట్టు నీళ్లు పోయకండి.

ముందు గరాజ్‌లోని కట్ట సంగతి. గోటితో బెరడు మీద సన్నగా గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయింది, పచ్చదనం కనపడేదాకా కిందికి కోసుకుంటూ రండి. బెరడు కాస్త ముడతపడితే రాత్రంతా నీళ్లలో నానబెట్టి చూడండి, చాలావరకు తేరుకుంటాయి. అంజూర కొమ్మ సుమారు మైనస్ 9 డిగ్రీలు, అంటే 15 ఫారన్‌హీట్ దగ్గర దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే ఆకు రాలాక, అంత గట్టి చలి రాకముందు కోసిన కొమ్మే మేలైనది. మీ పెద్దాయన సరైన సమయంలోనే కోశారు. మార్చిలో కోసి ఇచ్చేవాళ్లూ ఉంటారు. అప్పుడు గోటిపరీక్ష తప్పనిసరి.

అన్ని కొమ్మలూ ఒకటి కాదు. పోయిన వేసవిలో పెరిగి గట్టిపడిన కొమ్మ, పెన్సిల్ మందం నుంచి కాస్త ఎక్కువ, అంటే 8 నుంచి 12 మిల్లీమీటర్లు, కణుపులు దగ్గరదగ్గరగా ఉన్నది ఎంచుకోండి. అడుగున కొంచెం రెండేళ్ల కలప కలిసి ఉంటే ఇంకా మంచిది, కుళ్లు అంత తొందరగా పట్టదు. మధ్యలో బెండు ఎక్కువుండి నొక్కితే మెత్తగా తగిలే ఆకుపచ్చ కొనలు పారేయండి. వాటిలో నిలవ ఉండేది తక్కువ, బూజు ముందు వాటికే పడుతుంది.

ముక్క పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, అందులో మూడు నాలుగు కణుపులు. అడుగు కోత కణుపుకి సరిగ్గా కింద, అడ్డంగా. పై కోత చివరి మొగ్గకి ఒకటి రెండు సెంటీమీటర్ల పైన, ఏటవాలుగా. ఇలా రెండు రకాలుగా కోయడానికి కారణం అందం కాదు. కట్టలో కలిసిపోయాక ఏది తల, ఏది అడుగు అన్నది తెలియాలి. తలకిందులుగా నాటిన కొమ్మ సరిగ్గా లేవదు. సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర) పదునుగా ఉండాలి. మొద్దుదైతే అడుగు నలిగిపోతుంది, నలిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. ఒక్కో ముక్క మధ్యలో బ్లేడు మార్చక్కర్లేదు గానీ, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లేముందు స్పిరిట్‌తో తుడవండి.

కోసినచోట తెల్లటి పాలు కారతాయి. చేతులకి గ్లౌజులు వేసుకోండి. ఆ పాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లటి మచ్చలు పడతాయి, వారాల తరబడి పోవు. కళ్లలో పడనివ్వకండి. ఇంట్లో కుక్కా పిల్లీ ఉంటే అవి నమలకుండా చూసుకోండి.

తర్వాత శుభ్రం చేయడం. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసే పని ఇదే, బూజుతో పోయే కొమ్మల్లో చాలావాటికి కారణమూ ఇదే. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసి, పాత టూత్‌బ్రష్‌తో మొగ్గల చుట్టూ, కణుపు గీతల్లో మెల్లగా తోమండి. ఆ తర్వాత ఒక వంతు ఇంటి బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఒకటి రెండు నిమిషాలు ముంచి, మంచినీళ్లతో బాగా కడగండి. ఎండిపోయిన చిన్న అంజూర పిందె ఏదైనా కొమ్మకి అంటుకుని ఉంటే తుంచేయండి. ఇంట్లో మొదట బూజు పట్టేది దానికే. నీడలో గంటసేపు ఆరనిస్తే పైతడి పోతుంది.

ఇప్పుడు వెంటనే నాటాలా అంటే, నవంబరులో అయితే వద్దు అంటాను. నవంబరులో వేరు తెప్పిస్తే జనవరికల్లా ఆకుల మొక్క అవుతుంది, మే దాకా దాన్ని ఇంట్లో దీపాల కింద సాకాలి. వెలుతురు చాలక సన్నగా సాగుతుంది, మట్టిలో చిన్న నల్లటి దోమలు చేరతాయి. మధ్య న్యూజెర్సీలో ఆఖరి మంచు ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి పక్షం దాకా పడొచ్చు. అక్కడి నుంచి 10, 12 వారాలు వెనక్కి లెక్కపెడితే ఫిబ్రవరి రెండో సగం వస్తుంది. కొమ్మలు నాటాల్సింది అప్పుడు. అందాకా ఫ్రిజ్‌లో ఉంచండి. పేపర్ టవల్ తడిపి, ఇక ఒక్క చుక్క కూడా రానంతగా పిండి, దాన్ని కొమ్మల చుట్టూ చుట్టి, జిప్ కవర్లో గాలి తీసేసి పెట్టండి. ఉష్ణోగ్రత 1 నుంచి 4 డిగ్రీలు. పొరపాటున కూడా ఫ్రీజర్ వద్దు. ఆపిల్ పళ్లున్న అరలో పెట్టకండి, అవి వదిలే ఇథిలీన్ వాయువు మొగ్గలకి మంచిది కాదు. ఇలా మూడు నెలలు హాయిగా ఉంటాయి. రెండు మూడు వారాలకోసారి తెరిచి చూడండి. బూజు కనపడితే మళ్లీ సబ్బుతో కడిగి, టవల్ మార్చి, ఈసారి ఇంకా పొడిగా పెట్టండి. కవర్ లోపలి గోడలకి నీటి బిందువులు కట్టాయంటే తడి ఎక్కువైనట్టే. చెట్టు పేరు, తేదీ కవర్ మీద రాయండి. ఫిబ్రవరికి ఏది ఏదో గుర్తుండదు.

నాటే మిశ్రమంలో మట్టి అక్కర్లేదు. కొబ్బరిపొట్టు ఒక పాలు, పర్లైట్ (గాలి ఆడేందుకు కలిపే తెల్లటి తేలికైన గుళికలు) ఒక పాలు. తోటమట్టి, కంపోస్టు, ఎరువు ఏవీ కలపకండి. వేరు లేని కొమ్మ ఎరువుని తీసుకోలేదు, కుళ్లు పుట్టించే క్రిములు మాత్రం దాంతో బతుకుతాయి. 650 గ్రాముల కొబ్బరిపొట్టు ఇటుక నానితే సుమారు 8, 9 లీటర్లవుతుంది, పది పన్నెండు కప్పులకి ధారాళంగా చాలు. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉండొచ్చు, ఒకసారి నీళ్లు పోసి వడకట్టేయండి. పర్లైట్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. సంచిలో ఉండగానే కాసిని నీళ్లు చల్లి తర్వాత తీయండి.

తడి ఎంత ఉండాలన్నదే ఈ పనిలో అసలు నేర్పు. కలిపిన మిశ్రమాన్ని గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే ఎక్కువ తడి. ముద్దగా నిలిచి, వేలితో తాకితే విడిపోయి, అరచేయి చెమ్మగా మాత్రమే ఉంటే సరిగ్గా ఉంది. గట్టిగా పిండితే ఒక చుక్క ఊరినా ఫరవాలేదు, రెండు ఊరాయంటే ఇంకాస్త పొడి కొబ్బరిపొట్టు కలపండి. కంటికి ఇది పొడిగానే కనపడుతుంది, ఇంకో కప్పు నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి.

కప్పుల విషయానికొస్తే, పారదర్శకంగా ఉండే 32 ఔన్సుల డెలీ కప్పులు, అంటే సుమారు 950 మిల్లీలీటర్లవి, కొత్తవారికి అన్నిటికన్నా నయం. వేరు వచ్చిందో లేదో పీకి చూడక్కర్లేదు. పీకి చూడటంలో చచ్చే కొమ్మలు తక్కువేం కాదు. అడుగున పెన్ను మందంలో ఐదారు రంధ్రాలు, పక్కల కిందివైపు ఇంకో నాలుగు పెట్టండి. వెలుతురు వేరుకి నచ్చదు కాబట్టి ఈ కప్పుని నల్లటి కప్పులో గానీ, కాగితం చుట్టి గానీ ఉంచి, చూడాలనుకున్నప్పుడు తీయండి.

నాటేముందు అడుగు కణుపు దగ్గర రెండువైపులా బెరడుని రెండు సెంటీమీటర్ల పొడవున పైపైన చెక్కండి. కింద లేతపచ్చ పొర కనపడితే చాలు, చెక్కలోకి దిగక్కర్లేదు. ఆ గాయం అంచుల నుంచి వేళ్లు బాగా వస్తాయి. రూటింగ్ హార్మోన్ పొడి, ఐబీఏ అనే వేరు తెప్పించే మందు 0.3 శాతం ఉన్నది, దొరికితే చెక్కినచోట అద్ది, ఎక్కువైనది దులపండి. దొరకకపోతే అంజూరకి అది లేకున్నా వేళ్లు వస్తాయి. దాల్చినచెక్క పొడి, తేనె, కలబంద లాంటివాటి మీద సమయం పెట్టకండి. ఆ శ్రద్ధ శుభ్రం మీద, తడి మీద పెడితే ఫలితం ఉంటుంది.

కప్పులో అడుగున రెండు వేళ్ల ఎత్తు మిశ్రమం వేసి, కొమ్మ నిలబెట్టి, చుట్టూ నింపండి. రెండు కణుపులైనా లోపల ఉండాలి, పైన ఒకటి, మహా అయితే రెండు. నింపాక వేళ్లతో అదిమి గట్టిపరచకండి, కప్పుని బల్ల మీద రెండుసార్లు తట్టండి చాలు. అదిమితే గాలి పోతుంది, గాలి కోసమే కదా పర్లైట్ వేసింది. పైకి కనపడే కొమ్మకి అంటు కట్టేవాళ్లు వాడే పారాఫిల్మ్ టేపుని సాగదీసి ఒకే పొరగా చుట్టండి, పై కోతతో సహా. కొమ్మలోని నీరు ఆరిపోకుండా అది ఆపుతుంది, మొగ్గ దాన్ని చీల్చుకుని వచ్చేస్తుంది. టేపు లేకపోతే కప్పులన్నీ ఒక పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వదులుగా ఉంచండి. రోజుకోసారి మూత తీసి రెండు నిమిషాలు గాలి ఆడనివ్వండి.

ఇప్పుడు వెచ్చదనం. కప్పు అడుగున 24 నుంచి 26 డిగ్రీలు, అంటే 75 నుంచి 78 ఫారన్‌హీట్ కావాలి. మొక్కల హీట్ మ్యాట్ ఒకటి, దానికి థర్మోస్టాట్ ఒకటి కొనండి, ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు పెట్టదగింది దీనికే. థర్మోస్టాట్ తీగ చివరని గాలిలో వేలాడదీయకుండా ఒక కప్పు మిశ్రమం లోపలికి దింపండి. థర్మోస్టాట్ లేని మ్యాట్ గది వేడి మీద ఇంకో 5 నుంచి 10 డిగ్రీలు పెంచుతుంది. వెచ్చటి గదిలో అది 30 దాటిపోయి కొమ్మలు ఉడికినట్టవుతాయి. అడుగు వెచ్చగా, తల కాస్త చల్లగా ఉంటే మంచిది. గది 18, 20 డిగ్రీలున్నా పరవాలేదు. మొగ్గ నెమ్మదిస్తుంది, వేరు ముందుకెళ్తుంది, మనకి కావలసింది అదే. మ్యాట్ కొనడం కుదరకపోతే బాయిలర్ లేదా వాటర్ హీటర్ ఉన్న చిన్నగది చూడండి. అక్కడ వెలుతురు లేదని బెంగ వద్దు, ఆకు వచ్చేదాకా కొమ్మకి వెలుతురు పనిలేదు.

నాటిన రోజున నీళ్లు పోయొద్దు. మిశ్రమంలో ఉన్న తడే రెండు మూడు వారాలు వస్తుంది. నాటిన వెంటనే ప్రతి కప్పునీ వంటింటి త్రాసు మీద తూచి, గ్రాముల్లో బరువు కప్పు మీదే రాసేయండి. వారానికోసారి తూచండి. మొదటి బరువులో సుమారు 15 శాతం తగ్గిందాకా ఏమీ చేయకండి. తగ్గితే కప్పు అంచు వెంబడి, కొమ్మకి దూరంగా, రెండు మూడు చెంచాల నీళ్లు పోయండి. వేలు పెట్టి చూస్తే పైన పొడిగానే ఉంటుంది, లోపల తడిగా ఉంటుంది. వేలు అబద్ధం చెబుతుంది, త్రాసు చెప్పదు.

రెండో మూడో వారంలో బెరడు మీద తెల్లటి బుడిపెలు కనపడొచ్చు. చాలామంది వాటిని బూజనుకుని తుడిచేస్తారు. అది కొమ్మ బతికి ఉందనడానికి గుర్తు, కాకపోతే చుట్టూ తేమ బాగా ఎక్కువుందని కూడా అర్థం, మూత ఇంకాస్త తెరవండి. బూజైతే దూదిలా వెంట్రుకలతో ఉంటుంది, వేలితో రాస్తే వచ్చేస్తుంది. ఆ తర్వాత, మూడు నుంచి ఆరు వారాల మధ్య ఎప్పుడైనా, కప్పు గోడకి ఆనుకుని బియ్యపుగింజంత తెల్లటి మొన కనపడుతుంది. కొన్ని రోజుల్లోనే అది వేలెడంత అవుతుంది. కొత్త వేరు తెల్లగా, లావుగా, పెళుసుగా ఉంటుంది. కొన్నాళ్లకి గోధుమరంగుకి తిరిగి పక్కవేళ్లు వేస్తుంది. గోధుమరంగు చూసి కుళ్లిందనుకోకండి. కుళ్లిన వేరు పట్టుకుంటే పైపొర జారిపోతుంది, వాసన వస్తుంది.

వేరు రాకముందే ఆకులు బాగా వచ్చేస్తే ఏం చేయాలి? మొదట నీళ్లు పోయకూడదు. గాలిలో తేమ పెంచండి, కప్పు మీద కవర్ బోర్లించండి. గదిని చల్లబరచండి, అడుగు వెచ్చదనం తగ్గించకండి. ఆకుల పక్కన చిన్న పిందెలు వస్తే నిర్దాక్షిణ్యంగా గిల్లేయండి. రెండు చిగుళ్లు పోటీపడుతుంటే బలహీనంగా ఉన్నదాన్ని తీసేయండి. ఆకు అంచులు మెత్తగా నల్లబడి, కొమ్మ అడుగున కప్పులోంచి చూస్తే బెరడు ముదురు రంగుకి తిరిగిందంటే కుళ్లు మొదలైంది. బయటికి తీసి, పచ్చటి భాగం వచ్చేదాకా కోసి, కడిగి, ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటండి. రెండు కణుపులు మిగిలినా ప్రయత్నించవచ్చు. ఇలాంటివి జరుగుతాయి కనుకే ఒక చెట్టు కావాలంటే నాలుగైదు కొమ్మలు నాటండి.

గ్లాసు నీళ్ల పద్ధతిలో వేళ్లు అసలు రావని కాదు, వస్తాయి. నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, అడుగు త్వరగా కుళ్లుతుంది. నీళ్లలో పుట్టిన వేరు మట్టిలోకి మార్చగానే విరిగిపోవడమో, తట్టుకోలేకపోవడమో జరుగుతుంది. తడి నాచులో చుట్టి జిప్ కవర్లో వెచ్చగా ఉంచే పద్ధతి దానికన్నా చాలా నయం, రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. అయితే ఒక సెంటీమీటరు ఉన్నప్పుడే తీసి నాటాలి. రోజూ గమనించే ఓపిక ఉన్నవాళ్లకి అది. మీకు మొదటిసారి కాబట్టి కప్పే సరి.

ఆకు విచ్చుకున్నాక మామూలు ఎల్ఈడీ ట్యూబ్ లైటు 15, 20 సెంటీమీటర్ల ఎత్తున, రోజుకి 14 గంటలు ఉంచండి. కప్పు గోడల చుట్టూ వేళ్లు కనపడి, పక్కవేళ్లు వేయడం మొదలెట్టాక ఒక గ్యాలన్ కుండీకి మార్చండి. ఒకే వేరు కనపడగానే తొందరపడొద్దు, వారం పది రోజులు ఆగండి. కప్పుని తలకిందులు చేసి తట్టకుండా, పక్కల కత్తిరించి విప్పండి. కుండీలో మంచి పాటింగ్ మిక్స్ మూడు పాళ్లు, పర్లైట్ ఒక పాలు. మార్చిన రోజున కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయండి. ఇన్నాళ్లూ వద్దన్న పని ఇప్పుడు చేయాలి, ఎందుకంటే ఇప్పుడు తాగే వేరుంది. తేమ మూతని ఒక్కసారే తీసేయకుండా వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా తెరవండి. మూడు నాలుగు వారాలయ్యాక ఎరువు, అదీ డబ్బా మీద రాసినదాంట్లో సగం మోతాదు.

కుండీ మీద చిన్న నల్లటి దోమలు ఎగిరితే అవి తడి ఎక్కువైందని చెబుతున్నట్టు. మట్టిలో ఉండే వాటి పిల్ల పురుగులు లేత వేళ్లని కొరుకుతాయి. పసుపు జిగురు అట్టలు పెద్దవాటిని పడతాయి. లోపలి పురుగులకి బీటీఐ బాక్టీరియా ఉన్న దోమల బిళ్లని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పోయండి. పైన ఒక సెంటీమీటరు పర్లైట్ లేదా ముతక ఇసుక పరిస్తే గుడ్లు పెట్టడం తగ్గుతుంది.

రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల పైన నిలిచాక బయట అలవాటు చేయండి. మొదటి రోజు నీడలో గంట, తర్వాత రోజూ కొంచెం పెంచుతూ, వారం దాటాక ఉదయపు ఎండ. ఇంట్లో పుట్టిన ఆకుకి ఎండ తెలియదు. ఒక్కసారే ఎండలో పెడితే మధ్యాహ్నానికి తెల్లగా కాలిపోతుంది.

మొదటి ఏడాది నేలలో పాతకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ వేసవిలో లేచిన సన్నటి కాండం న్యూజెర్సీ జనవరిని తట్టుకోలేదు. ఆకులు రాలేదాకా బయటే ఉంచి, తర్వాత వేడిచేయని గరాజ్‌లో పెట్టండి. మైనస్ 2 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటే నిద్రలో ఉంటుంది, వెలుతురు అక్కర్లేదు. నెలకోసారి ఒక కప్పు నీళ్లు, వేళ్లు పూర్తిగా ఎండకుండా. రెండో ఏడాది మే మధ్యలో దక్షిణం వైపు గోడ పక్కన, కుండీలో ఉన్నదానికన్నా నాలుగంగుళాల లోతుగా నాటండి. పైన అంతా చలికి పోయినా భూమిలో మునిగిన కణుపుల నుంచి మళ్లీ లేస్తుంది. మీది సొంత వేళ్ల మీద పెరిగిన చెట్టు, అంటు కాదు. అందుకని కింద నుంచి లేచినా అదే రకం, అదే పండు. చలిదేశంలో కొమ్మతో చేసిన చెట్టుకున్న పెద్ద లాభం ఇదే. అంజూర ప్రధాన కాపు ఆ ఏడాది కొత్త కొమ్మ మీదే వస్తుంది, కాబట్టి నేలమట్టం నుంచి లేచిన చెట్టు కూడా వేసవి కలిసొస్తే సెప్టెంబరులో పండు ఇస్తుంది. షికాగో హార్డీ లాంటి రకాలకి ఇక్కడ పేరు వచ్చింది దీనివల్లే.

మీ పెద్దాయన చెట్టు రకం పేరు తెలియకపోయినా దిగులు లేదు. కొన్ని అంజూర రకాలకి పండు నిలవాలంటే ఒక ప్రత్యేకమైన చిన్న కందిరీగ కావాలి, అది న్యూజెర్సీలో లేదు. ఆ పెరట్లో పళ్లు పండుతున్నాయంటే అది కందిరీగ అక్కర్లేని రకమే. ఒకటి మాత్రం వేసవిలో వెళ్లి చూడండి: ఆకుల మీద పాలిపోయిన పసుపు మచ్చలు, ఆకారం వంకరపోవడం ఉంటే అది మొజాయిక్ తెగులు. కొమ్మతో పాటే వస్తుంది, మందు లేదు. చెట్టు బలంగా కాస్తుంటే దాంతోనే బతకొచ్చు, నీరసంగా ఉంటే వేరే చెట్టు కొమ్మ తెచ్చుకోండి. పండు బాగుందని గింజ నాటకండి. గింజ మొక్క తల్లిలా ఉండదు, అందులో దాదాపు సగం తినే పండు ఇవ్వని మగ చెట్లు అవుతాయి. ఊరికి వెళ్లినప్పుడు అక్కడి నుంచి కొమ్మలు సూట్‌కేసులో తేవద్దు. అనుమతి లేకుండా మొక్కల భాగాలు తేవడం నేరం, పైగా తెగుళ్లు దేశాలు దాటేది ఇలాగే.

ఇక మీ రెండో ప్రశ్న. కరివేపాకు కొమ్మతో చేయడం కొత్తవారికి సిఫారసు చేయను, వేరు వేయడం అరుదు. చెట్టు చుట్టూ లేచే పిలకల్ని వేరుతో సహా తవ్వి తీయడమో, నల్లగా పండిన కాయల గుజ్జు తీసి వెంటనే విత్తడమో చేయాలి. గింజ నిలవ ఉంటే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. కరివేపాకు నిమ్మజాతిది. నిమ్మ, నారింజ చెట్లని చంపే తెగులుని మోసే పురుగు దీని మీద బతుకుతుంది. అందుకని ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల నుంచి మొక్క తెప్పించడానికి ఆంక్షలున్నాయి. మీ దగ్గరి నర్సరీలోనే చూసుకోండి.

మునగ కొమ్మ ఊళ్లో బతికేది చేతిమణికట్టంత లావు, మీటరు పైన పొడవు ఉన్నది తొలకరిలో పాతడం వల్ల. ఆ సైజు కొమ్మ ఇక్కడ దొరకదు, దొరికినా గదిలో వేరు తెప్పించడం కష్టం. గింజ వేయండి, 25 డిగ్రీల వెచ్చదనంలో రెండు వారాల్లో మొలుస్తుంది. మార్చిలో ఇంట్లో మొలిపించి మే చివర్లో బయట పెడితే అక్టోబరు దాకా ఆకు కోసుకోవచ్చు. పీకేఎం-1 లాంటి త్వరగా కాపుకొచ్చే రకానికి కూడా కాయ ముదరడానికి ఆరు నెలలు పడుతుంది, న్యూజెర్సీ వేసవి అంత లేదు. కాయల ఆశ వదిలి ఆకు కోసమే వేసుకోండి.

దానిమ్మ మాత్రం అంజూర దారిలోనే వస్తుంది. చలికాలం చివర్లో 20 సెంటీమీటర్ల గట్టి కొమ్మ, అదే మిశ్రమం, అదే వెచ్చదనం. కొమ్మలు సన్నగా ఉంటాయి కనుక త్వరగా ఎండుతాయి, పారాఫిల్మ్ మర్చిపోకండి, హార్మోన్ పొడి దీనికి వాడండి. నేలలో వేయాలంటే సలావత్‌స్కీ లాంటి చలి తట్టుకునే రకం కొమ్మ సంపాదించండి. భగువా లాంటి మన రకాలైతే కుండీలోనే పెంచి, అంజూరతో పాటే గరాజ్‌లోకి చేర్చాలి, మంచు పడకముందే.